‘ఐ అగ్రీ’ నొక్కేశాక డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. రెండు నెలల కిందట ఒక ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీ తరఫున ఒకబ్బాయి మా ఇంటికి వచ్చాడు. తొమ్మిదో తరగతి చదివే మా వాడికి చిన్న టెస్టు పెట్టి, ఫౌండేషన్ కోర్సు 84,000 రూపాయలు, నెలకు 3,500 చొప్పున 24 నెలలు కడితే చాలన్నాడు. ‘పదిహేను రోజుల్లో నచ్చకపోతే మొత్తం డబ్బు వెనక్కి’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. ఆధార్, పాన్ ఫొటోలు, నా సెల్ఫీ తీసుకున్నాడు. నా ఫోనుకు వచ్చిన ఓటీపీలు మా వాడు చదువుతుంటే తన ట్యాబ్‌లో ఏవేవో నొక్కుకున్నాడు. వారం తిరక్కుండానే క్లాసులు అర్థం కావట్లేదని మా వాడు అన్నాడు. తొమ్మిదో రోజు క్యాన్సిల్ చేయమని అడిగితే ‘ఒకసారి లాగిన్ అయ్యాక రిఫండ్ లేదు, టర్మ్స్ మీరే ఒప్పుకున్నారు, ఏదైనా గొడవ ఉంటే బెంగళూరులో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు)’ అని జవాబు. యాప్‌లో క్యాన్సిల్ నొక్కితే తిరిగి తిరిగి అదే పేజీకి వస్తోంది. పైగా అది వాయిదాల ఫీజు కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీలో నా పేరు మీద లోన్ అని బ్యాంకులో డబ్బు కట్ అయ్యాకే తెలిసింది. చదవకుండా ఒప్పుకున్నది నేనే కదా, నా తప్పేనా? ఈఎంఐ ఆపేయమంటారా? మా తమ్ముడు జర్మనీలో ఉంటాడు, అక్కడ 14 రోజుల్లో ఏదైనా రద్దు చేసుకోవచ్చట. మన దగ్గర అలాంటిది లేదా?

జవాబు:

అమ్మా, ముందు ఈఎంఐ సంగతి. ఇప్పుడే ఆపకండి. కోపంలో చాలామంది చేసే మొదటి పని బ్యాంకుకి వెళ్లి ఆటో డెబిట్ రద్దు చేయించుకోవడం, దాంతో కోచింగ్ కంపెనీకి పోయేదేమీ ఉండదు, వాళ్లకి డబ్బు ఎప్పుడో మొత్తంగా ముట్టింది. బౌన్స్ చార్జీలు మీకు, సిబిల్ (అప్పుల చరిత్ర) రికార్డు దెబ్బ మీకు, రికవరీ ఫోన్లు మీకు. ఆ రోజు మీ ఇంట్లో జరిగింది ఒక్క ఒప్పందం కాదు, రెండు. కోచింగ్ కంపెనీతో కోర్సు ఒప్పందం ఒకటి, ఫైనాన్స్ కంపెనీతో అప్పు ఒప్పందం ఇంకోటి. వరుసగా వచ్చిన ఓటీపీల్లో ఏది దేనికో మీకు తెలియనివ్వలేదు, అసలు తిరకాసు అక్కడే ఉంది. కోర్సు బాగాలేదు కాబట్టి అప్పు కట్టను అంటే ఫైనాన్స్ వాళ్లు ‘అది మీకూ వాళ్లకూ మధ్య సంగతి’ అని చేతులు దులుపుకుంటారు. అందుకని రెండింటి మీదా ఒకేసారి కదలాలి. ఎలాగో కింద చెబుతాను.

ఇక తప్పు ఎవరిదని అడిగారు. మీకు ధైర్యం చెప్పడానికి అబద్ధం చెప్పను: ‘నేను చదవలేదు’ అన్న మాట ఒక్కటే చట్టం ముందు నిలబడదు. ఐటీ చట్టంలో 10ఏ అనే సెక్షన్ ఉంది, ఒప్పందం కాగితం మీద కాకుండా కంప్యూటర్‌లో జరిగిందన్న ఒక్క కారణంతో అది చెల్లకుండా పోదని అది చెబుతుంది. క్లిక్ అయినా, ఓటీపీ అయినా, మెయిల్ అయినా సంతకంలాగే పట్టుకుంటుంది. అలాగే మీ లాయర్ ఎవరైనా ‘ఓటీపీ చదివింది మైనర్ పిల్లాడు కాబట్టి ఒప్పందమే లేదు’ అని ఉత్సాహపడితే వారించండి. మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు చివరి కోర్టు) తేల్చిన మాట నిజమే గానీ, ఇక్కడ ఒప్పందం మీ వాడి పేరున లేదు. పాన్ మీది, సెల్ఫీ మీది, ఫోను మీది. మీ వాడు మీ పక్కన కూర్చుని అంకెలు చదివి పెట్టాడంతే. బలహీనమైన వాదన ముందు పెడితే బలమైన వాదన విలువ తగ్గుతుంది.

మరి బలమైనది ఏది? నా లెక్కలో ఆ వాయిస్ మెసేజే.

మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకుని ఒక మాటకు వస్తారన్న ఊహ మీద రాసింది. ఫోనులో ముప్పై పేజీల ఇంగ్లిష్ షరతులు, కింద ఒకటే బటన్, నొక్కితే కోర్సు లేకపోతే లేదు, ఇందులో బేరం ఎక్కడుంది? ఏకపక్ష షరతుల మీద విడిగా చట్టం కావాలని లా కమిషన్ 2006లోనే తన 199వ నివేదికలో చెప్పింది. చివరికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాట నిర్వచనంతో సహా వచ్చింది, 2020 జులై నుంచి అమలవుతోంది. మితిమీరిన డిపాజిట్, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, కారణం లేకుండా ఒక పక్షమే రద్దు చేసుకునే హక్కు, వినియోగదారుడి మీద అసమంజసమైన షరతు, ఇలాంటివి ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఒకసారి లాగిన్ అయితే 84 వేలూ పోయినట్టే అనే షరతు అసమంజసం కాకపోతే మరేది అసమంజసం? కాకపోతే ఇక్కడ ఒక మెలిక ఉంది, యూట్యూబ్‌లో సలహాలిచ్చేవాళ్లు దీన్ని దాటేస్తుంటారు. ఒక షరతును అన్యాయమైనదని ప్రకటించి కొట్టేసే అధికారం వినియోగదారుల కేసులు వినే రాష్ట్ర కమిషన్‌కీ జాతీయ కమిషన్‌కీ మాత్రమే ఇచ్చారు, జిల్లా కమిషన్‌కి ఇవ్వలేదు. అంటే ‘ఈ షరతు చెల్లదని ప్రకటించండి’ అని అడగాలంటే మీరు హైదరాబాద్ వెళ్లాలి.

అందుకే మీ కేసును అలా అడగొద్దంటాను. అదే చట్టంలో ‘అన్యాయమైన వ్యాపార పద్ధతి’ అని ఇంకోటి ఉంది, దానికి జిల్లా కమిషన్ చాలు. నోటి మాటగా గానీ, రాతలో గానీ, ఎలక్ట్రానిక్ రూపంలో గానీ తప్పుడు మాట చెప్పి అమ్మడం అందులోకి వస్తుంది. ‘పదిహేను రోజుల్లో మొత్తం వెనక్కి’ అన్నది కంపెనీ మనిషి, అమ్మేటప్పుడు అన్నాడు, మీరు అడిగింది తొమ్మిదో రోజున. ‘మా టర్మ్స్‌లో వేరేగా ఉంది, చదువుకుంటే తెలిసేది’ అని వాళ్ల లాయర్ తప్పకుండా అంటాడు. కాంట్రాక్ట్ చట్టం 19వ సెక్షన్‌లో అందుకు కొంత ఆసరా కూడా ఉంది, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగిన వాళ్లు తప్పుడు మాట వల్ల మోసపోయామని ఒప్పందం రద్దు చేసుకోలేరని. దానికి మీ జవాబు ఇలా ఉండాలి: ట్యాబ్ అతని చేతిలో ఉంది, షరతుల పేజీ మాకు చూపించలేదు, చూపించినా అది ఇంగ్లిష్‌లో ఉంది, మాకు తెలిసిన భాషలో చెప్పింది వాయిస్ మెసేజ్‌లో ఉన్నదే. ఇంకో సంగతి, ఈ-కామర్స్ నియమాల ప్రకారం కొనుగోలుకు ఒప్పుదల కొనేవారి స్పష్టమైన చర్యతో రావాలి, ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్సులు చెల్లవు. మీ బదులు అమ్మేవాడే టిక్కులు పెట్టుకోవడం అంతకన్నా ఘోరం. ఒక బిల్డర్ రాసుకున్న ఏకపక్ష ఒప్పందం విషయంలో సుప్రీంకోర్టు 2019లో ఏం చెప్పిందంటే, కొనేవాడికి సంతకం పెట్టడం తప్ప వేరే దారి లేని చోట అలాంటి షరతులు అతన్ని కట్టిపడేయవని, అసలు వాటిని పెట్టడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి అని. అది ఫ్లాటు కేసు, మీది కోచింగ్ కేసు, అయినా సూత్రం ఒకటే.

‘చదువు’ వినియోగదారుల చట్టం కిందికి రాదని ఎవరైనా మిమ్మల్ని భయపెట్టొచ్చు. యూనివర్సిటీలు, కాలేజీల విషయంలో అలాంటి తీర్పులు ఉన్న మాట వాస్తవం. కోచింగ్ సెంటర్లు వేరు, వాటి మీద ఫిర్యాదు తీసుకోవచ్చని జాతీయ కమిషన్ 2020 జనవరిలో చెప్పింది.

బెంగళూరు ఆర్బిట్రేషన్ గురించి అసలు టెన్షన్ పడకండి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఖాయం చేసింది. 2019 చట్టం ఇంకో మంచి పని కూడా చేసింది: కంపెనీ ఎక్కడుందో అక్కడికి మీరు పరుగెత్తక్కర్లేదు, మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు. ఆన్‌లైన్ కొనుగోళ్ల కాలంలో ఈ ఒక్క మార్పు మిగతా వాటన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం. కరీంనగర్‌లో కూర్చుని కరీంనగర్ కమిషన్‌లోనే వేయండి, ‘బెంగళూరు’ అనే మాట రాసిందే మీరు అంత దూరం రారని.

క్యాన్సిల్ బటన్ తిరిగి తిరిగి అదే పేజీకి వస్తోందన్నారు. దీనికి ఇప్పుడు పేరు, నిషేధం రెండూ ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాల మాయలను గుర్తించి వద్దంది. చేరడం ఒక్క క్లిక్కు, బయటపడటం చక్రవ్యూహం అయితే అది ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’. ‘అవును, మా పిల్లవాడు వెనకబడినా ఫర్వాలేదు’ అని రాసున్న బటన్ నొక్కితే గానీ ముందుకు పోనివ్వని పేజీలు చూసే ఉంటారు, తల్లిదండ్రులను సిగ్గుపరిచి ఆపే ఆ ఎత్తుకు ‘కన్ఫర్మ్ షేమింగ్’ అని పేరు. మీరు చేయాల్సింది ఒకటే, ఫోనులో స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, క్యాన్సిల్ నొక్కిన దగ్గర నుంచి మళ్లీ మొదటి పేజీకి వచ్చేదాకా మొత్తం తీయండి. యాప్‌లో క్లాసులు మాత్రం తెరవొద్దు. ఇది అందరూ మర్చిపోయే విషయం: మీ వాడు ఎన్నిసార్లు లాగిన్ అయ్యాడు, ఎన్ని నిమిషాల వీడియో చూశాడు అనేదంతా వాళ్ల సర్వర్లో ఉంటుంది, రేపు కమిషన్ ముందు వాళ్లు పెట్టే మొదటి కాగితం అదే. ‘క్యాన్సిల్ అడిగాక కూడా ఇన్ని గంటలు వాడుకున్నారు’ అని అనిపించుకోకండి. ట్యాబ్ ఇచ్చి ఉంటే దాన్ని డబ్బాలో పెట్టి పక్కన ఉంచండి.

ఆధారాల మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త. ఆ వాయిస్ మెసేజ్ ఉన్న చాట్‌లో ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ (మెసేజులు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో ఈ రోజే చూడండి, ఉంటే ఆపేయండి. చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి, కానీ ఫోనులో ఉన్న అసలుది అలాగే ఉంచండి, ఫోను మార్చొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. వాయిస్ మెసేజ్‌లో ఉన్నది తెలుగులో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు తుడిచేయకండి, వాటిలో ఒక్కొక్కటి ఏ కంపెనీ పేరు మీద, ఏ టైముకి వచ్చిందో చూస్తే రెండు ఒప్పందాలు ఎన్ని నిమిషాల్లో అయిపోయాయో బయటపడుతుంది. మూడు నిమిషాల్లో ఎవరు చదవగలరు ముప్పై పేజీలు? ఇక వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న షరతుల పేజీని ఇవాళే పీడీఎఫ్‌గా దించుకోండి. కాగితం ఒప్పందం ఒకసారి సంతకం అయ్యాక మారదు, వెబ్‌సైట్‌లో ఉన్నది రాత్రికి రాత్రి మారిపోతుంది, పైగా ‘మా టర్మ్స్ మార్చాం, వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే’ అని ఒక నోటిఫికేషన్ పడేస్తారు. ఎలక్ట్రానిక్ ఆధారాలకు, వాటిని ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ అడిగే నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్‌లో ఉంది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పట్టుకుని నడవవు గానీ, ఆ సర్టిఫికెట్ జత చేస్తే ఒక అభ్యంతరం తగ్గుతుంది.

ఇప్పుడు అప్పు. డిజిటల్ లోన్లకు రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో పెట్టిన నియమాలను 2025 మేలో మళ్లీ క్రోడీకరించింది. వాటి ప్రకారం అప్పు ఇచ్చేది ఎవరో ముందే చెప్పాలి, అసలు, వడ్డీ, చార్జీలు అన్నీ ఉన్న ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అప్పు తీసుకునే ముందే ఇవ్వాలి, డిజిటల్ సంతకం అయిన పత్రాలు మీ మెయిల్‌కో ఎస్సెమ్మెస్‌కో వాటంతటవే రావాలి. ఆ స్టేట్‌మెంట్ అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2024 ఏప్రిల్‌లో విడిగా చెప్పారు. మీకు తెలుగులో వచ్చిందా? అసలు వచ్చిందా? రాకపోతే అది ఫైనాన్స్ కంపెనీ తప్పు, ఆ ఇంటికొచ్చిన అబ్బాయి మీదకి నెట్టేసే వీలు లేదు, ఎందుకంటే తన తరఫున అప్పులు కుదిర్చేవాళ్లు చేసే పనికి బాధ్యత అప్పిచ్చేవాళ్లదే. అప్పు వద్దనుకుంటే జరిమానా లేకుండా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడే ‘కూలింగ్ ఆఫ్’ గడువు కూడా ఉంటుంది, కానీ మీలాంటి వాళ్లకి అది కాగితం మీది హక్కే. డబ్బు నేరుగా కోచింగ్ కంపెనీకి వెళ్లిపోయాక, వెనక్కి కట్టడానికి 84 వేలు మీ చేతిలో ఎక్కడివి? ఈ నియమంలో ఉన్న పెద్ద లోటు అదే, కోర్సు రద్దయితే అప్పూ దానంతటదే రద్దు కావాలి, కావట్లేదు.

కాబట్టి ఈ వారంలోనే ఒకే మెయిల్ రెండు చోట్లకు పంపండి, కోచింగ్ కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్‌కి, ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి. వాళ్ల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. తెలుగులోనే రాసినా ఫర్వాలేదు, ఇలా రాస్తే చాలు: ‘ఫలానా తేదీన మీ ప్రతినిధి మా ఇంటికి వచ్చి, 15 రోజుల్లో నచ్చకపోతే మొత్తం డబ్బు తిరిగి ఇస్తామని వాయిస్ మెసేజ్ ద్వారా చెప్పి కోర్సు అమ్మారు. ఇది అప్పు అని నాకు చెప్పలేదు. నాకు అర్థమయ్యే భాషలో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వలేదు. తొమ్మిదో రోజున రద్దు చేయమని కోరాను. కోర్సు రద్దు చేసి, మొత్తం డబ్బు ఫైనాన్స్ కంపెనీకి తిప్పి పంపి లోన్ మూసివేయాలి, నేను కట్టిన ఈఎంఐలు వాపసు ఇవ్వాలి. ఇకపై కట్టే ఈఎంఐలు నా అభ్యంతరానికి లోబడి కడుతున్నవే తప్ప ఒప్పుకుని కాదు.’ ఆ చివరి వాక్యం వదిలిపెట్టొద్దు, లేకపోతే ‘ఏ అభ్యంతరమూ లేకుండా కడుతూ వచ్చారు’ అంటారు. ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఈలోగా 1915 నంబర్‌కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, తెలుగులో మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ తీర్పులివ్వదు, కంపెనీకి పంపి జవాబు అడుగుతుందంతే, అయినా పెద్ద కంపెనీలు చాలాసార్లు ఇక్కడే దిగొస్తాయి. ఫైనాన్స్ కంపెనీ 30 రోజుల్లో పట్టించుకోకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఇవేవీ పని చేయకపోతే జిల్లా కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, గడువు రెండేళ్లు. రెండు కంపెనీలనూ ప్రతివాదులుగా పెట్టండి, కేసు తేలేదాకా ఈఎంఐ వసూలు, సిబిల్‌కి డిఫాల్ట్ అని పంపడం ఆపాలని మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఆ ఉత్తర్వు చేతికొచ్చిన రోజు ఈఎంఐ ఆపండి, అప్పటిదాకా వద్దు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజానికి అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్నా, ఇంటికొచ్చి అమ్మినా, కొన్ని మినహాయింపులు పోను 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. జర్మనీలో 2022 జులై నుంచి వెబ్‌సైట్‌లో కుదుర్చుకున్న చందా ఒప్పందాలకు రద్దు బటన్ కళ్లకు కనిపించేలా పెట్టడం తప్పనిసరి. మన దగ్గర అన్నిటికీ వర్తించే అలాంటి హక్కు లేదు. బీమా పాలసీకి ‘ఫ్రీ లుక్’ (చూసి నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు), డిజిటల్ అప్పుకి కూలింగ్ ఆఫ్, ఇలా ముక్కలు ముక్కలుగా ఉంది. ఇంటికొచ్చి అమ్మే కోర్సులకైనా పెట్టాలని నేను గట్టిగా అనుకుంటాను, ఎందుకంటే అమ్మేవాడు హాల్లో కూర్చుని టీ తాగుతుండగా వద్దని చెప్పడం మనవాళ్లకి ఎంత కష్టమో వాళ్లకి బాగా తెలుసు.

చివరిగా, మెయిల్ వెళ్లాక మీకు ఒక ఫోన్ వస్తుంది. సగం ఇస్తాం, లేకపోతే వేరే కోర్సుకి మారుస్తాం అంటారు. కోర్సు మార్పు ఒప్పుకోకండి, అది కొత్త ఒప్పందం, పాత హామీ అక్కడితో పోతుంది. వాడుకున్న ఆ కొద్ది రోజులకి, ట్యాబ్‌కి కొంత కోసుకుంటామంటే మొండికేయక్కర్లేదు, కొంచెం వదులుకుని నెలలో బయటపడటం ఏళ్లు తిరగడం కంటే మేలు కావచ్చు, అది మీ ఓపిక. ఏం ఒప్పుకున్నా మెయిల్‌లో రాసి పంపమనండి, ఫోన్లో ఓటీపీ మాత్రం ఇంకోటి చెప్పొద్దు. డబ్బు వచ్చేసిందని సంబరపడి ఊరుకోకుండా ఫైనాన్స్ కంపెనీ నుంచి లోన్ క్లోజర్ లెటర్ తీసుకోండి, బ్యాంకులో ఆటో డెబిట్ అప్పుడు రద్దు చేయించండి, రెండు నెలలాగి సిబిల్ రిపోర్ట్ తీసి చూడండి, ఏడాదికి ఒకటి ఉచితం. అందులో ఈ లోన్ ‘క్లోజ్డ్’ అని కాకుండా ‘సెటిల్డ్’ (బాకీ పూర్తిగా కట్టకుండా రాజీ పడ్డట్టు) అని కనిపిస్తే మళ్లీ రాయండి, దానికి వేరే దారి ఉంది.